గురువుకు ఏమివ్వాలి?

ఏప్రిల్ మాసం మూడవ వారం. ఎండలు ముదిరాయి. వార్షిక పరీక్షలు ముగిశాయి. వేసవి సెలవులకు మూడు నాలుగు దినాల వ్యవధి మాత్రమే ఉంది. ఒక చిన్న పట్టణంలోని ఉన్నత పాఠశాలలో ఏడవ తరగతి విద్యార్థులు తమ తరగతి ఉపాధ్యాయినికి ఏదైనా కానుక సమర్పించాలని సంకల్పించారు. సంకల్పం మంచిదే. ఒకరు వెండి కుందులన్నారు. ఒకరు గోడ గడియారమన్నారు. చివరకు పట్టుచీర ఖాయమయింది. తలా రెండు వందల రూపాయలు పోగుచేయాలని తీర్మానం జరిగింది. డబ్బు ఇచ్చినవారి పేర్లు ఒక కాగితం మీద వరుసగా రాసి, ఆ కాగితాన్ని చీరతోపాటు టీచరుగారి చేతికి అందించాలని కూడ అనుకొన్నారు.

ఆ తరగతిలో ఒక బాలిక ఉంది. తండ్రి లేడు. తల్లి బీడీలు చుట్టి సంసారాన్ని ఈడుస్తున్నది. భిన్నాల లెక్కలు ఎంతకూ తలకెక్కక ఆ బాలిక దిగులుపడుతున్న రోజులలో, ఉపాధ్యాయిని సాయంత్రం గంట కొట్టిన తరువాత కూడ అరగంటసేపు ఆమెను తన దగ్గర కూర్చోబెట్టుకొని, రొట్టెను సగం, పాతిక, అరపాతికలుగా తుంచి చూపుతూ ఆ లెక్కలు నేర్పింది. తరగతిలో ఆమెకు అందరికంటె ఎక్కువగా ఋణపడినది ఆ పిల్లయే. కాని రెండు వందల రూపాయలు ఆ ఇంట చిన్న మొత్తం కాదు. “కూలి పైసలు వచ్చినాక చూద్దాం బిడ్డా” అన్నది తల్లి. కూలి వచ్చేనాటికి బడి మూతపడుతుంది. చివరిరోజు ఆ బాలిక కడుపునొప్పి అని చెప్పి ఇంటివద్దనే ఉండిపోయింది. బడిలో చీర సమర్పణ జరిగింది. చప్పట్లు మ్రోగాయి. అందరికంటె ముందు నిలిచి కృతజ్ఞత చెప్పవలసిన పిల్ల మాత్రం అక్కడ లేదు.

ఇది ఊహించిన సన్నివేశమే. అయినా ఇటువంటిది ఏ ఊరిలోనైనా, ఏ బడిలోనైనా జరగడానికి అవకాశముంది. ఇందులో దుర్బుద్ధి ఎవరికీ లేదు. పిల్లలకు టీచరుగారిపై ప్రేమ ఉంది. తల్లిదండ్రులకు గౌరవం ఉంది. ఉపాధ్యాయిని ఏమీ కోరలేదు. అయినప్పటికీ ఒక పసిమనస్సు నొచ్చుకొన్నది. కృతజ్ఞత చూపడం మంచి గుణమే కదా, అది ఒకరికి అవమానంగా ఎందుకు పరిణమించింది? గురువుకు ఏమివ్వాలి? ఎప్పుడివ్వాలి? ఎంత ఇవ్వాలి? ఎవరివ్వాలి? ఈ ప్రశ్నలు ఈనాటివి కావు. మన పూర్వులు వీటిని గురించి చాలా లోతుగా ఆలోచించారు.

ముందుగా నాలుగు మాటలకు గల భేదాన్ని గుర్తించాలి. అవి వేతనం, లంచం, కానుక, దక్షిణ. చేసే పనికి ముందుగా ఒప్పుకొన్న ప్రతిఫలం వేతనం. అనుకూలమైన పని జరిపించుకోవడానికి చాటుగా ముట్టజెప్పేది లంచం. ఏ ప్రయోజనాన్నీ ఆశించకుండా ప్రీతితో ఇచ్చేది కానుక. ఒక మహత్కార్యం ముగిసిన తరువాత, దానిని పూర్తిచేయించినవారికి శక్తికొలది భక్తితో సమర్పించేది దక్షిణ. యజ్ఞం ముగిసిన పిదప ఋత్విక్కులకు ఇచ్చేది దక్షిణ. విద్య ముగిసిన పిదప ఆచార్యునికి ఇచ్చేది గురుదక్షిణ. ఇచ్చే వస్తువు ఒకటే కావచ్చు. సమయాన్ని బట్టి, ఉద్దేశాన్ని బట్టి దాని పేరు మారిపోతుంది. అదే పట్టుచీరను మార్కులు వేయడానికి ముందు ఇస్తే ఒక పేరు వస్తుంది. ఫలితాలు వెలువడిన తరువాత ఇస్తే మరొక పేరు వస్తుంది.

ఈ సూక్ష్మాన్ని ధర్మశాస్త్రకర్తలు గుర్తించారు. విద్యాభ్యాసం పూర్తికాకముందు శిష్యుడు గురువుకు ఏమీ ఇవ్వరాదని మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతున్నది. చదువు ముగించి స్నాతకుడై ఇంటికి మరలే సమయంలో, గురువు అనుజ్ఞ పొంది, శక్త్యనుసారంగా దక్షిణ సమర్పించాలని అదే గ్రంథం విధించింది. ఏమేమి ఇవ్వవచ్చునో కూడ అక్కడ చెప్పబడింది. పొలం, బంగారం, గోవు, గుఱ్ఱం వంటి విలువైన వాటితో మొదలైన ఆ పట్టికలో గొడుగు, పాదరక్షలు, పీట, ధాన్యం, వస్త్రాలు, చివరకు కూరగాయలు కూడ చోటుచేసుకొన్నాయి. పొలం ఇవ్వగలవాడు పొలం ఇస్తాడు. కూర తేగలవాడు కూర తెస్తాడు. ఏది ఇచ్చినా గురువుకు సంతోషం కలగాలి. అదే అక్కడి నియమం. ఒప్పందం చేసికొని, ఇంత సొమ్ముకు ఇంత చదువని చెప్పే ఉపాధ్యాయుని ఆ స్మృతి గర్హించింది. కాళిదాసు కూడ మాళవికాగ్నిమిత్ర నాటకంలో బ్రతుకుతెరువు కోసమే విద్యను వినియోగించేవానిని జ్ఞానాన్ని సరకుగా అమ్ముకొనే వర్తకునితో పోల్చాడు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఈ విషయాన్ని మరింత సున్నితంగా తెలిపింది. చదువు ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం అందులో ఉంది. ఆచార్యునికి ప్రియమైన ధనాన్ని తెచ్చి ఇవ్వమనీ, సంతానతంతువును తెగనీయవద్దనీ ఆయన చెబుతాడు. దానం చేసే విధానాన్ని కూడ బోధిస్తాడు. శ్రద్ధతో ఇవ్వాలి, అశ్రద్ధతో ఇవ్వరాదు. తన కలిమికి తగినట్లు ఇవ్వాలి. సిగ్గుతో, అంటే ఇంత కొంచెమే ఇవ్వగలిగానన్న వినయంతో ఇవ్వాలి. ఇచ్చేవాడు తలవంచి ఇవ్వాలే తప్ప తల ఎగురవేసి ఇవ్వరాదని దీని సారాంశం. పేర్ల పట్టికతో చీరను అందించిన పిల్లలకు ఎవ్వరూ ఈ మాట చెప్పి ఉండరు.

అయితే ఈ ఆదర్శాలను కొనియాడేటప్పుడు ఒక సత్యాన్ని మరవకూడదు. ఆనాటి గురుకులాల తలుపులు అందరికీ తెరచి ఉండలేదు. స్త్రీలకు, శ్రమజీవులకు ఆ చదువు చాలవరకు అందలేదు. గురుదక్షిణ అనగానే అందరికీ మొదట స్ఫురించే ఏకలవ్యుని వృత్తాంతమే దీనికి సాక్ష్యం. నిషాదరాజకుమారుడైన ఏకలవ్యుని ద్రోణుడు శిష్యునిగా స్వీకరించలేదు. ఆ బాలుడు గురువు మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని స్వయంకృషితో విలువిద్య సాధించాడు. నేర్పని విద్యకు ద్రోణుడు దక్షిణ అడిగాడు. కుడిచేతి బొటనవ్రేలు అడిగాడు. ఆ విలుకాడు మారుమాటాడక కోసి ఇచ్చాడు. శిష్యుని భక్తిని లోకం నేటికీ శ్లాఘిస్తున్నది. కాని ఆ దక్షిణను పుచ్చుకొన్న చేతిని ఎవరూ శ్లాఘించలేదు.

మహాభారతంలో గురుదక్షిణకు సంబంధించిన వృత్తాంతాలు మరికొన్ని ఉన్నాయి. వాటిని ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఒక విశేషం గోచరిస్తుంది. నన్నయభట్టారకుని ఆదిపర్వంలో ఉదంకోపాఖ్యానం సుప్రసిద్ధం. పైలుని శిష్యుడైన ఉదంకుడు గురుపత్ని కోరిక మేరకు పౌష్యమహారాజు దేవి ధరించే కుండలాలు తేవడానికి బయలుదేరాడు. రాణి వాటిని ఇచ్చింది. దారిలో తక్షకుడు అపహరించాడు. ఉదంకుడు నాగలోకానికి వెళ్ళి, నాగులను స్తుతించి, ఎన్నో కష్టాలకోర్చి వాటిని సాధించి, గడువులోపల గురుపత్నికి సమర్పించాడు. కథ అంతటితో ముగియలేదు. తక్షకునిపై పెంచుకొన్న క్రోధంతో ఉదంకుడు జనమేజయుని వద్దకు వెళ్ళి, అతని తండ్రి పరీక్షిత్తు మరణాన్ని గుర్తుచేసి, సర్పయాగానికి ప్రేరేపించాడు. ఒక జత కుండలాల కోసం మొదలైన ప్రయాణం ఒక జాతినే దహించే అగ్నికుండం వరకు సాగింది.

ద్రోణుడు కురుకుమారులను అడిగిన దక్షిణ కూడ ఇటువంటిదే. తనను అవమానించిన పాంచాలరాజు ద్రుపదుని బంధించి తెమ్మని ఆయన కోరాడు. అర్జునుడు తెచ్చి ఇచ్చాడు. ద్రోణుడు ద్రుపదుని రాజ్యంలో సగం తీసికొని విడిచిపెట్టాడు. ఆ పరాభవాన్ని సహింపలేక ద్రుపదుడు యజ్ఞం చేసి ద్రోణుని వధింపగల కుమారుని పొందాడు. అతడే ధృష్టద్యుమ్నుడు. కురుక్షేత్రంలో పదునైదవనాడు ఆచార్యుని శిరస్సు అతని చేతనే తెగింది. గురువు నోరు తెరచి అడిగిన దక్షిణ చివరకు గురువునే బలిగొన్నది. ఈ మూడు వృత్తాంతాలలోను దక్షిణ అడిగి పుచ్చుకొన్నదే. మూడింటిలోను అది వెలగా, పగగా, వ్యథగా మారింది.

అడగడం ఒక దోషమైతే, వద్దన్నా వినక ఇస్తానని పట్టుబట్టడం మరొక దోషం. కాళిదాసు రఘువంశం అయిదవ సర్గలో కౌత్సుని కథ చెప్పాడు. వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు చదువు ముగించి దక్షిణ ఇస్తానన్నాడు. నీ సేవయే నాకు దక్షిణ అన్నాడు గురువు. శిష్యుడు వినలేదు. మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించాడు. గురువుకు కోపం వచ్చి, నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. దిక్కుతోచని కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వెళ్ళాడు. అప్పటికే విశ్వజిద్యాగంలో సర్వస్వం దానంచేసిన ఆ రాజు అతిథికి మట్టిపాత్రలో అర్ఘ్యం తెచ్చి ఇచ్చాడు. అయినా యాచకుని వట్టిచేతులతో పంపరాదని కుబేరునిపై దండెత్తడానికి సిద్ధపడగా, రాత్రికి రాత్రి కోశాగారంలో కనకవర్షం కురిసింది. రాజు ఆ ధనమంతా కౌత్సునికే ఇవ్వబోయాడు. గురువుకు చెల్లించవలసినదానికంటె అధికంగా ఒక్క కాసైనా ముట్టనన్నాడు కౌత్సుడు. అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చే దాత, కావలసినదానికంటె ఎక్కువ పుచ్చుకోని యాచకుడు, ఈ ఇద్దరినీ సాకేతపురవాసులు అభినందించారు. అయినా, గురువు మొదట అన్న మాటనే శిష్యుడు మన్నించి ఉంటే ఈ శ్రమయే ఉండేది కాదు. సేవయే చాలునని మనసారా అన్న గురువును మొగమాటపెట్టడం కృతజ్ఞత కాదు.

పురాణాలను విడిచి చరిత్రకు వస్తే, తెలుగునాట వీధిబడుల కాలంలో ఒక చక్కని ఆచారం కనిపిస్తుంది. వీధిబడి పంతులుగారికి సర్కారు జీతం లేదు. పిల్లలు తెచ్చే ధాన్యం, నెలకింతని ఇచ్చే స్వల్పమైన రొక్కం, పండుగలకు ముట్టే మామూళ్ళు, ఇవే ఆయన జీవనాధారం. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశంపై జిల్లా కలెక్టర్లు దేశీయ పాఠశాలల వివరాలను సేకరించారు. నేటి అనంతపురం ప్రాంతం కూడ కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో తెలియజేశాడు. వాటిలో తెలుగు బడులు 226. చదువు ఖర్చు భరించలేక, పసిచేతులను పనికి పంపక తప్పక, పేదలు పిల్లలను బడి మాన్పిస్తున్నారని కూడ ఆయన రాశాడు. గురువుకు ఇవ్వలేని కారణంగా పిల్లవాడు బడికి దూరం కావడం అనే బాధ అప్పటికే ఉన్నదన్నమాట.

ఆ కాలంలోనే దసరా మామూళ్ళ పద్ధతి ప్రచారంలో ఉండేది. నవరాత్రులలో పంతులుగారు పిల్లలందరినీ వెంటబెట్టుకొని ఊరిలో ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని, వాటితో పూలు, బుక్కా చిమ్ముతూ, దసరా పద్యాలు పాడేవారు. ఇంటివారు పంతులుగారికి యథాశక్తి రొక్కమో, వస్త్రమో, ధాన్యమో ఇచ్చేవారు. పిల్లల దోసిళ్ళలో పుట్నాలపప్పు, బెల్లం పోసేవారు. ఈ ఆచారంలో గమనింపదగిన అంశాలు మూడు ఉన్నాయి. ఇచ్చేది చాటుగా కాక నలుగురి ఎదుట ఇచ్చేవారు. ఫలానా పిల్లవాడి తండ్రి అని కాక ఊరంతా కలిసి ఇచ్చేది. గురువుతోపాటు పిల్లలందరికీ పప్పుబెల్లాలు ముట్టేవి. ఆ ఊరేగింపులో పేద పిల్లవాడు కూడ విల్లు పట్టుకొని అందరితో సమానంగా నడిచేవాడు. అక్షరాభ్యాసంనాడు గురువుకు తాంబూలం, వస్త్రం సమర్పించి, తక్కిన పిల్లలకు పలకలు, బలపాలు పంచే ఆచారంలోను ఇదే భావం ఉంది.

కాలం మారింది. నేడు ఉపాధ్యాయుడు వేతనం పొందే ఉద్యోగి. ఆయన జీవనం మామూళ్ళపై ఆధారపడి లేదు. అందువల్ల కానుక అవసరం కోసం ఇచ్చేది కాదు, కేవలం మనసు తెలుపుకోవడానికి ఇచ్చేది. మరొక వంక, ఆయన ప్రతి విద్యార్థికి మార్కులు వేసే అధికారి. అధికారమున్న చేతికి అందే కానుకపై సందేహం కలగడం సహజం. ప్రభుత్వోద్యోగులు కానుకలు స్వీకరించడం విషయంలో 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి కొన్ని కట్టుబాట్లు విధించింది. ప్రభుత్వ ఉపాధ్యాయులూ ప్రభుత్వోద్యోగులే. ఈ కట్టుబాట్లు ఉపాధ్యాయుని శంకించడానికి ఏర్పడినవి కావు. ఆయన నిష్పక్షపాతంపై మచ్చ పడకుండ కాపాడడానికి ఏర్పడినవి.

ఇతర దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. దక్షిణ కొరియాలో హంగుల్ లిపిని రూపొందించిన సేజోంగ్ రాజు జన్మదినమైన మే 15వ తేదీని ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటారు. ఆనాడు గురువులకు కార్నేషన్ పువ్వు ఇవ్వడం అక్కడి సంప్రదాయం. పువ్వుతో మొదలైన ఆచారం క్రమంగా విలువైన వస్తువుల వరకు, డబ్బు కవర్ల వరకు పెరిగింది. 2016 సెప్టెంబరు 28 నుండి అమలులోకి వచ్చిన అవినీతి నిరోధక శాసనం ఫలితంగా, విద్యార్థి తనకు పాఠం చెప్పి మార్కులు వేసే గురువుకు విడిగా ఒక్క పువ్వు ఇవ్వడానికి కూడ వీలులేకపోయింది. తరగతి ప్రతినిధి అందరి పక్షాన, అందరి ఎదుట ఇవ్వవచ్చునని అధికారులు వివరణ ఇచ్చారు. కానుక హద్దు మీరితే చివరకు పువ్వు కూడ అనుమానానికి గురి అవుతుందని ఈ ఉదంతం చాటుతున్నది.

తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్న అమెరికాలో మే మాసం తొలివారం ఉపాధ్యాయుల అభినందన వారం. విద్యాసంవత్సరాంతంలో కూడ టీచరుకు చిన్న కానుక ఇవ్వడం అక్కడ పరిపాటి. ఇక్కడినుండి వెళ్ళిన తల్లిదండ్రులు ఎంత ఇవ్వాలో తెలియక, ఎక్కువ ఇవ్వడమే గౌరవమనుకొని తడబడుతుంటారు. ఆ దేశంలోని మసాచుసెట్స్ రాష్ట్ర నియమాల ప్రకారం ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థి తల్లిదండ్రుల నుండి 50 డాలర్లు లేదా అంతకు మించిన విలువగల కానుక స్వీకరించరాదు. తరగతి అంతా కలిసి ఇస్తే 150 డాలర్ల వరకు అనుమతి ఉంది. కాని అందులో ఎవరెంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఉపాధ్యాయునికి తెలియరాదు. పిల్లలు పేర్ల పట్టిక రాసిన చోట ఈ నియమం పట్టికనే చింపివేసింది. వీధిబడి పిల్లల ఊరేగింపులోని భావమే ఇక్కడ చట్టరూపం ధరించింది.

ఇన్ని కట్టుబాట్ల నడుమ గురువుకు ఇవ్వదగినది ఏది? రెండు నిజజీవిత సంఘటనలు దీనికి సమాధానం చెబుతాయి. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయిన నాటినుండి ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవమయింది. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి బయలుదేరినప్పుడు విద్యార్థులు బండిని పూలతో అలంకరించి, గుఱ్ఱాలను విప్పి, తామే కాడి పట్టి రైల్వేస్టేషను వరకు లాగారు. ఆ వీడ్కోలులో విద్యార్థులు ఆయనకు ఇచ్చినది తమ శ్రమ, తమ ప్రేమ. ఆయన వెళ్ళిపోతున్నాడు. ఇక మార్కులు వేయడు. వారు ఆయననుండి పొందవలసినది ఏదీ మిగలలేదు. అందువల్లనే అది నిష్కల్మషమైన దక్షిణ అయింది.

రెండవది ఒక ఉత్తరం. ఫ్రెంచి రచయిత అల్బేర్ కామూ అల్జీరియాలో ఒక నిరుపేద ఇంట పెరిగాడు. పసితనంలోనే తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో మరణించాడు. తల్లి ఇండ్లలో పాచిపని చేసేది. ప్రాథమిక విద్య ముగియగానే అతడు పనిలో చేరవలసిన పరిస్థితి. లూయీ జెర్మేన్ అనే ఉపాధ్యాయుడు ఇంటివారిని ఒప్పించి, రుసుము తీసికొనకుండ ప్రత్యేకంగా పాఠాలు చెప్పి, ఉపకారవేతన పరీక్షకు సిద్ధంచేశాడు. 1957లో కామూకు సాహిత్యంలో నోబెల్ బహుమానం లభించింది. ఆ సంవత్సరం నవంబరు 19న ఆయన తన పాత గురువుకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. బహుమానవార్త విన్నప్పుడు తల్లి తరువాత తనకు మొదట గుర్తుకు వచ్చినది మీరేనని, మీరు చేయి అందించకపోతే ఇదేదీ జరిగి ఉండేది కాదని అందులో తెలిపాడు. బహుమాన సందర్భంగా చేసిన ప్రసంగాలను ఆ గురువుకే అంకితమిచ్చాడు. ఆ ఉత్తరానికి అయిన ఖర్చు ఒక కాగితం, ఒక తపాలా బిళ్ళ. ఆ రచయిత రాసిన గ్రంథాలతోపాటు ఆ చిన్న ఉత్తరాన్ని కూడ ప్రపంచం నేటికీ చదువుతున్నది.

వీటన్నిటినిబట్టి సంవత్సరాంతపు కానుకను ఎంచుకోవడానికి కొన్ని సూత్రాలు ఏర్పరచుకోవచ్చు. మొదటిది సమయం. పరీక్షలు ముగిసి, మార్కులు ఖరారైన తరువాతనే కానుక ప్రసక్తి రావాలి. రెండవది ఇచ్చేవారు. కానుక తల్లిదండ్రుల హోదాను కాక పిల్లల హృదయాన్ని తెలపాలి. కలిసి ఇచ్చేటప్పుడు తలా ఇంతని వంతు నిర్ణయించరాదు, పేర్లు రాయరాదు. ఒక పెట్టెను ఉంచి, ఇష్టమున్నవారు తోచినంత అందులో వేస్తే చాలు. ఎవరూ వేయకపోయినా అడుగరాదు. అందరి పేరు మీదనే ఇవ్వాలి. మూడవది విలువ. పుచ్చుకొనేవారికి ఇబ్బంది కలిగించేది, ఇతరులకు చెప్పుకోలేనిది, తిరిగి ఏదో చేయవలసివస్తుందేమో అన్న భారాన్ని మోపేది కానుక కాజాలదు. ఒక మంచి పుస్తకం, ఒక కలం, ఒక పూలమొక్క, పిల్లలు గీసిన చిత్రం వంటివి చాలు. టీచరుగారి పేరుతో తరగతికి ఒక దేశపటమో, గ్రంథాలయానికి నాలుగు కథల పుస్తకాలో సమర్పిస్తే, వచ్చే ఏడు ఆ తరగతిలోకి అడుగుపెట్టే పిల్లలకు కూడ అవి ఉపయోగపడతాయి.

నాల్గవది, అన్నింటికంటె ముఖ్యమైనది, మాట. వస్తువు ఉన్నా లేకున్నా కృతజ్ఞతావాక్యం ఉండాలి. అది కూడ “మీరు గొప్ప గురువులు” వంటి పొడిమాట కారాదు. ఏనాడు, ఏ పాఠంలో, ఏ కష్టంలో ఆ గురువు ఏమి చేశారో అది పేర్కొనాలి. తాను చెప్పిన పాఠాలలో ఏది ఏ పిల్లవాని మనస్సులో నాటుకొన్నదో ఉపాధ్యాయునికి సాధారణంగా తెలియదు. ఏటికేడు నలభై, యాభైమంది పిల్లలు వచ్చి వెళ్ళిపోతుంటారు. వారిలో ఒకరు నిలబడి, మీరు ఆనాడు చెప్పిన మాట నాకు ఇలా పనికివచ్చిందని చెబితే, ఆ వృత్తిలోని అలసట అంతా తీరిపోతుంది. అయిదవది, బడిలో పాఠం చెప్పనివారిని కూడ స్మరించడం. మధ్యాహ్నభోజనం వండి పెట్టిన తల్లులు, గంట కొట్టిన అటెండరు, గదులు ఊడ్చిన ఆయా కూడ ఆ సంవత్సరమంతా పిల్లల కోసం శ్రమించినవారే. ఒక పలకరింపు, ఒక నమస్కారం వారికీ దక్కాలి.

ఉపాధ్యాయులవైపు నుండి కూడ ఒక కర్తవ్యం ఉంది. విద్యాసంవత్సరం ముగియబోయేముందే, “నాకు వస్తువులు తేవద్దు, మీకు నచ్చిన పాఠాన్ని గురించి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి” అని ఉపాధ్యాయుడు ప్రసన్నంగా చెప్పగలిగితే, తరగతిలో ఏ బీదపిల్లకూ చివరిరోజు కడుపునొప్పి రాదు. వద్దనడంలో కూడ వరతంతుని కోపం కాక, అతడు మొదట అన్న మాటలోని చల్లదనం ఉండాలి. పిల్లలు అప్పటికే తెచ్చిన చిన్న వస్తువును విసురుగా త్రోసిపుచ్చడం వారి ప్రేమను గాయపరచడమే అవుతుంది.

ఇప్పుడు ఆ ఏడవ తరగతి బాలిక కథను మరొక విధంగా ముగించవచ్చు. తరగతిలో పేర్ల పట్టిక లేదు. బల్లమీద కాగితాలు మాత్రమే ఉన్నాయి. ఆ బాలిక కూడ నోటుపుస్తకం మధ్యనుండి ఒక కాగితం తీసి మూడు వాక్యాలు రాసింది: “టీచర్, మీరు రొట్టె తుంచి చెప్పిన భిన్నాలు నాకు అర్థమయ్యాయి. పరీక్షలో ఆ లెక్కలన్నీ చేశాను. ఇప్పుడు మా తమ్మునికి నేనే నేర్పుతున్నాను.”

ఉపనిషత్తులోని ఆచార్యుడు సంతానతంతువును తెగనీయవద్దన్నాడు. విద్యకు కూడ అటువంటి తంతువు ఒకటి ఉంది. టీచరు బాలికకు నేర్పింది. బాలిక తమ్మునికి నేర్పుతున్నది. తాను చెప్పిన పాఠం తన తరగతి గోడలు దాటి, తాను ఎన్నడూ చూడని ఒక ఇంట, తాను ఎరుగని ఒక పిల్లవానికి చేరిందని తెలియజేసే ఆ మూడు వాక్యాల కాగితంకంటె విలువైన దక్షిణను ఏ గురువూ కోరడు. దానిని ఇవ్వడానికి రెండు వందల రూపాయలు అక్కరలేదు. నేర్చుకొన్నది నిజమై ఉంటే చాలు.